గాజు, బంకమట్టి, సున్నం: ఆర్గనాయిడ్లు పెరిగే నేల

భీమవరం చుట్టుపక్కల వనామీ రొయ్యలు సాగుచేసే రైతు, అమావాస్యో పౌర్ణమో దగ్గరపడుతోందంటే చెరువులో మినరల్స్ చల్లే పని ముందుగానే చూసుకుంటాడు. ఆ రోజుల్లో రొయ్యలు ఎక్కువగా మోల్టింగ్‌కు వస్తాయనీ, పాత పెంకు విడిచిన రొయ్యకు కొత్త పెంకు గట్టిపడాలంటే నీటిలో కాల్షియం, మెగ్నీషియం తగినంత ఉండాలనీ అతని అనుభవం. మేతలో మాంసకృత్తులు ఎంత మేలైనవైనా, నీటిలో ఆ లవణాలు లోపిస్తే రొయ్య మెత్తగానే మిగిలిపోతుంది. సముద్రపు నీటిలో మెగ్నీషియం, కాల్షియం కంటే బరువులో మూడు రెట్లకు పైగా ఉంటుంది. ఉప్పదనం తక్కువైన బోరు నీటితో నింపిన చెరువులో ఆ నిష్పత్తి తప్పిపోతుంది కాబట్టే మన రైతులు సంచులకొద్దీ ఖనిజ లవణాలు కొంటున్నారు. ప్రాణి తిన్న తిండితో పాటు దాని చుట్టూ కరిగి ఉన్న రాతి సారం కూడా దాని ఒంటిని కడుతుందన్న ఈ ఎరుక డెల్టాలో కొత్తది కాదు.

సరిగ్గా ఈ ఎరుకే ఇప్పుడు జీవశాస్త్ర ప్రయోగశాలల్లో మరో రూపంలో అవసరపడుతోంది. అక్కడ పెరిగేది రొయ్య కాదు, ఆవగింజంత మనిషి కణజాలం. దాన్ని ఆర్గనాయిడ్ అంటారు. దాని చుట్టూ ఎలాంటి నేల ఉండాలి, ఆ నేలలో గాజు, బంకమట్టి, ఎముక ఖనిజం వంటి అకర్బన పదార్థాలకు ఏం పని ఉంది అన్నదే ఈ వ్యాసంలో విడమరచదలచిన సంగతి.

ముందుగా ఆర్గనాయిడ్ అంటే ఏమిటో తేల్చుకోవాలి. 2009లో నెదర్లాండ్స్‌లో హాన్స్ క్లెవర్స్ ప్రయోగశాలలో పనిచేస్తున్న తోషిరో సాటో, ఎలుక చిన్నపేగు నుంచి తీసిన ఒకే ఒక్క మూలకణాన్ని (వేర్వేరు రకాల కణాలుగా మారగల కణాన్ని) మెత్తని జెల్‌లో ఉంచి, మూడు నాలుగు వృద్ధి కారకాలు, అంటే కణాన్ని పెరగమనీ మారమనీ చెప్పే ప్రోటీన్లు అందించారు. కొద్ది రోజుల్లో ఆ ఒక్క కణం నుంచి పేగు గోడలో ఉండే గుంటలు, మిట్టలు, నాలుగైదు రకాల కణాలు వాటంతటవే తయారయ్యాయి. 2013లో ఆస్ట్రియాలోని వియన్నాలో మాడలీన్ లాంకాస్టర్, యుర్గెన్ నోబ్లిష్ మనిషి మూలకణాల నుంచి, గర్భస్థ శిశువు మెదడులో తొలి దశల్లో కనబడే పొరలను పోలిన కణజాలాన్ని పెంచారు. అప్పటినుంచి మూత్రపిండం, కాలేయం, రెటీనా, ఎముక వరుసగా వచ్చాయి. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు కూడా రెటీనా ఆర్గనాయిడ్లు పెంచుతున్నారు. ఆర్గనాయిడ్‌ను పూర్తి అవయవంగా భావించకూడదు. దానికి సాధారణంగా రక్తనాళాలు ఉండవు, చాలావాటికి నరాల అనుసంధానం ఉండదు, కొన్ని మిల్లీమీటర్లు దాటి పెరగదు. అయినా అది అవయవం ఎలా ఏర్పడుతుందో కళ్లెదుట చూపిస్తుంది, మందుకు స్పందిస్తుంది. ఊపిరితిత్తులనూ జీర్ణవ్యవస్థనూ దెబ్బతీసే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య వ్యాధి ఉన్న రోగి పురీషనాళపు కణాలతో ఆర్గనాయిడ్లు పెంచి, ఏ మందు ఆ రోగికి పనిచేస్తుందో ముందే చూసుకునే పద్ధతిని నెదర్లాండ్స్ వైద్యులు ఇప్పటికే వాడారు. మన దేశంలో కూడా 2023 మార్చిలో కొత్త మందుల నిబంధనలను సవరించి, జంతువులకు బదులు ఇలాంటి మానవ కణ నమూనాలపై జరిపిన పరీక్షలకు చోటు కల్పించారు.

చిక్కంతా ఆ మెత్తని జెల్ దగ్గర ఉంది. అత్యధిక ప్రయోగశాలలు వాడే జెల్ పేరు మాట్రిజెల్. ఎలుకల్లో పెరిగే ఒక జాతి సార్కోమా కణితి నుంచి దాన్ని తీస్తారు. చల్లగా ఉన్నప్పుడు ద్రవంగా ఉండి, ఒంటి వేడికి గట్టిపడుతుంది. అందులో లామినిన్, నాలుగో రకం కొల్లాజెన్ అనే ప్రోటీన్లు ప్రధానమైనవి. కణాలకు అది బాగా నచ్చుతుంది, ఆ మాట కాదనలేం. అయితే 2010లో దాని ప్రోటీన్ల పూర్తి జాబితా తయారుచేసినప్పుడు 1,800కు పైగా వేర్వేరు ప్రోటీన్లు తేలాయి. ఒక బ్యాచ్‌లో కనిపించినవాటిలో మరో బ్యాచ్‌తో సరిపోలినవి దాదాపు 53 శాతమే. అంటే ఈ నెల వాడిన జెల్‌కూ, వచ్చే నెల వచ్చే జెల్‌కూ పోలిక సగమే. ఒకే విత్తనం, ఒకే ఎరువు వేసి రెండు మళ్లలో నాట్లు వేస్తే, ఏ మట్టిలో ఏముందో తెలియని పరిస్థితిలో దిగుబడి తేడాకు కారణం విత్తనమా, నేలా అని ఎవరు తేల్చగలరు? పైగా కణితి నుంచి తీసిన జెల్‌లో పెంచిన కణజాలాన్ని రేపు రోగి ఒంట్లో పెట్టడం కష్టం. పరిశోధకులు వెతుకుతున్నది ఏయే పదార్థం ఎంత మోతాదులో ఉందో మనమే నిర్ణయించగల నేల కోసం. 2016లో మథియాస్ లుటోల్ఫ్ బృందం కృత్రిమ పాలిమర్ జెల్‌లోనే పేగు ఆర్గనాయిడ్లను పెంచి, మూలకణాలు పెరగడానికి గట్టి నేల, ఆపైన అవి వేర్వేరు కణాలుగా మారడానికి మెత్తని నేల అనుకూలమని చూపింది. కణం తన కింది నేల గట్టిదనాన్ని తడిమి తెలుసుకుంటుందన్నమాట. కానీ పాలిమర్ దానంతట అది మూగది. దానికి ఆసరా ఇవ్వడం తెలుసు, సంకేతం ఇవ్వడం తెలియదు. ఖనిజాలు రంగంలోకి వచ్చింది ఇక్కడే.

వాటిలో అన్నిటికంటే పాతది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది గాజు కథ. 1967లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త లారీ హెంచ్ ఒక సదస్సుకు బస్సులో వెళ్తుండగా, వియత్నాం నుంచి అప్పుడే తిరిగొచ్చిన సైనిక అధికారి పక్కన కూర్చున్నారు. లోహాలనూ ప్లాస్టిక్‌లనూ శరీరం తిరస్కరిస్తోందనీ, అందువల్ల సైనికుల కాళ్లూ చేతులూ తీసేయాల్సి వస్తోందనీ ఆ అధికారి చెప్పి, శరీరం ఒప్పుకునే పదార్థమేదైనా చేయలేరా అని అడిగారు. 1969లో హెంచ్ తయారుచేసిన గాజును ఎలుకల తొడ ఎముకలో పెట్టి, కొన్ని వారాల తర్వాత లాగి చూస్తే అది ఊడి రాలేదు. ఎముక దానికి అతుక్కుపోయింది. దాని కూర్పు బరువులో 45 శాతం సిలికా (ఇసుకలో ఉండే పదార్థం), 24.5 శాతం కాల్షియం ఆక్సైడ్, 24.5 శాతం సోడియం ఆక్సైడ్, 6 శాతం ఫాస్ఫరస్ పెంటాక్సైడ్. మన ఇంటి కిటికీ గాజులో సిలికా 70 శాతం దాటుతుంది. అందుకే అది ఏళ్లతరబడి వానకు తడిసినా కరగదు. హెంచ్ గాజులో సిలికా వల పలచన కాబట్టి ఒంటి ద్రవం తగలగానే స్పందించడం మొదలుపెడుతుంది.

ఆ స్పందన జరిగే తీరు తెలిస్తే మిగతా విషయమంతా సులువుగా అర్థమవుతుంది. మొదట గాజు పైపొరలోని సోడియం అయాన్లు (విద్యుదావేశం గల పరమాణువులు) బయటికి వచ్చి, వాటి చోట నీటిలోని హైడ్రోజన్ అయాన్లు చేరతాయి. దాంతో చుట్టూ ఉన్న ద్రవం క్షారంగా మారుతుంది. సిలికా వల కొంత తెగి కరుగుతుంది, మిగిలింది గాజు పైన జిగురులాంటి సిలికా పొరగా ఏర్పడుతుంది. ఆ పొర మీదికి కాల్షియం, ఫాస్ఫేట్ చేరి, ముందు రూపం లేని పొరగా, తర్వాత ఎముకలో ఉండే ఖనిజాన్ని పోలిన స్ఫటికాలుగా మారతాయి. కొల్లాజెన్ పోగులు ఆ స్ఫటికాల్లో చిక్కుకుంటాయి. ఇదంతా గంటల్లో మొదలై రోజుల్లో ముగుస్తుంది. చాలాకాలం పాటు ఎముక అతుక్కోవడానికి ఈ పొర ఒక్కటే కారణమనుకున్నారు. 2000 దశకం మొదట్లో లండన్ ఇంపీరియల్ కళాశాలలో హెంచ్, జూలియా పోలాక్ బృందం గాజును పక్కన పెట్టి, అది కరిగిన ద్రవాన్ని మాత్రమే మనిషి ఎముక కణాలకు అందించింది. గాజు ముక్క లేకపోయినా ఆ కణాల్లో అనేక జన్యువుల పని పెరిగింది. వాటిలో ఇన్సులిన్‌ను పోలిన వృద్ధి కారకం జన్యువు కూడా ఉంది. అంటే కణం మీద ప్రభావం చూపినది గాజు ముక్క కాదు, దాని నుంచి కరిగి వచ్చిన అయాన్లు. జీవక్రియాశీల పదార్థం అన్న మాటకు అసలు అర్థం అప్పుడు స్థిరపడింది.

అయాన్లు కణానికి ఎలా తెలుస్తాయి? ఒక్కో అయాన్‌కు ఒక్కో దారి ఉంది. కణం పైపొరలో కాల్షియాన్ని గుర్తించే ప్రత్యేక గ్రాహకం ఉంటుంది. పేగు, ఎముక, పారాథైరాయిడ్ కణాల్లో అది చుట్టుపక్కల కాల్షియం పెరిగిందా తగ్గిందా అని కనిపెడుతుంది. రాగి అయాన్లు, కణం తనకు ఆక్సిజన్ తక్కువైందని భావించినప్పుడు పోగయ్యే ఒక ప్రోటీన్‌ను విచ్ఛిన్నం కాకుండా నిలిపి, రక్తనాళాల పెరుగుదలను పిలిచే సంకేతాన్ని పెంచుతాయి. లిథియం సంగతి ఇంకా ఆసక్తికరం. పేగు మూలకణాలను మూలకణాలుగానే నిలిపి ఉంచే వింట్ సంకేత మార్గానికి జీఎస్‌కే-3 అనే ఎంజైమ్ అడ్డుపడుతూ ఉంటుంది. ఆ ఎంజైమ్‌ను ఆపడానికి ఆర్గనాయిడ్ల పోషక ద్రవంలో ఖరీదైన కృత్రిమ రసాయనం కలుపుతారు. లిథియం అయాన్ కూడా అదే ఎంజైమ్‌ను ఆపుతుంది. అయితే అందుకు మిల్లీమోలార్ స్థాయి (లీటరు ద్రవంలో మోల్‌లో వెయ్యో వంతు లెక్కన) మోతాదు కావాలి. ఒక పదార్థంలో లిథియం ఉన్నంత మాత్రాన ఈ పని జరిగిపోతుందని రాసేవారు ఆ మోతాదు లెక్క చూపించాలి. ఈ రంగంలో వెలువడే రాతల్లో తరచుగా లోపించేది ఆ లెక్కే.

ఇక బంకమట్టి. ఇక్కడ నేను కొంచెం ఆగి చెప్పక తప్పదు, ఎందుకంటే ఇది మన కాళ్ల కింద ఉన్న సంగతి. గోదావరి పుట్టింది దక్కను నల్లరాతి పీఠభూమిలో. ఆ బసాల్టు శిలలు అరిగి ఏర్పడిన నల్లరేగడి వేల ఏళ్లుగా కొట్టుకొచ్చి కోనసీమలో, పశ్చిమ డెల్టాలో మేట వేసింది. అందులో ఎక్కువగా ఉండేది స్మెక్టైట్ అనే బంక ఖనిజం. వేసవిలో చేలు నెర్రెలు విచ్చడానికీ, కాలువ నీళ్లు వదలగానే ఆ నెర్రెలు పూడి నేల ఉబ్బడానికీ అదే కారణం. స్మెక్టైట్ పలకలు పలకలుగా ఉండి, పలకల మధ్యకు నీటినీ అయాన్లనూ తీసుకుంటుంది. ఆర్గనాయిడ్ పరిశోధకులకు ఆసక్తి కలిగించిన లాపొనైట్ ఈ కుటుంబానికే చెందినది, కాకపోతే కర్మాగారంలో తయారైనది. దానిలో అల్యూమినియం స్థానంలో మెగ్నీషియం, కొద్దిగా లిథియం ఉంటాయి. ఒక్కో బిళ్ల వెడల్పు సుమారు 25 నానోమీటర్లు, మందం దాదాపు 1 నానోమీటరు. బిళ్ల ముఖాలకు రుణావేశం, అంచులకు ధనావేశం ఉండటంతో నీటిలో అంచు ముఖానికి తగిలి, పేకమేడలా కూడుకుని జెల్‌గా మారుతుంది. ఊడ్పుల వేళ దమ్ము చేసిన మడిలో నడిచినవాళ్లకు దీని స్వభావం వెంటనే తెలుస్తుంది: కాలు కదిపితే అడుసు జారుతుంది, కదపకుండా నిలబడితే కాలి చుట్టూ బిగుసుకుంటుంది. లాపొనైట్ జెల్ కూడా సన్నని సూది గుండా తోస్తే పారి, ఆగగానే నిలదొక్కుకుంటుంది. కణాలను అందులో కలిపి, త్రీడీ ప్రింటర్ సూదితో కావలసిన ఆకారంలో పేర్చడానికి ఈ గుణం ఎంతో అనుకూలం.

ఆకారం ఇవ్వడంతోనే దాని పని అయిపోదు. 2013లో అఖిలేశ్ గహర్వార్, అలీ ఖాదెంహొస్సేనీ బృందం, ఎముకగా మారమని చెప్పే వృద్ధి కారకాలేవీ కలపకుండా, ఈ సిలికేట్ బిళ్లలను మాత్రమే మనిషి మూలకణాలకు అందించి, అవి ఎముక కణాల దారి పట్టడాన్ని నమోదు చేసింది. పైగా ఆవేశం గల బిళ్లల మీద వృద్ధి కారకాల ప్రోటీన్లు అతుక్కుని, ఒక్కసారిగా కొట్టుకుపోకుండా నెమ్మదిగా విడుదలవుతాయి. రోజు విడిచి రోజు ఖరీదైన ప్రోటీన్లను పోసే పనిలో ఉన్న ప్రయోగశాలకు ఇది చిన్న లాభం కాదు. మన పొలాల్లోని రేగడి ఎరువును పట్టి ఉంచి, పైరుకు కొద్దికొద్దిగా అందించేది కూడా ఇదే గుణంతో.

ఎముక ఆర్గనాయిడ్ల విషయంలో ఖనిజం అవసరం మరింత సూటిగా ఉంటుంది, ఎందుకంటే ఎముక బరువులో సుమారు మూడింట రెండు వంతులు ఖనిజమే. హైడ్రాక్సీ అపటైట్ అనే ఆ ఖనిజంలో ప్రతి ఆరు ఫాస్ఫరస్ పరమాణువులకు పది కాల్షియం పరమాణువులు ఉంటాయి. 2021లో నెదర్లాండ్స్ పరిశోధకులు పట్టు ప్రోటీన్ పరంజా మీద మనిషి మజ్జ కణాలను పెంచి, ద్రవాన్ని తిప్పుతూ ఒత్తిడి కలిగిస్తే, అవి తమ కొల్లాజెన్‌ను తామే అల్లి, తమ ఖనిజాన్ని తామే పేర్చుకుని, ఆ ఖనిజంలోనే కూరుకుపోయిన ఎముక కణాలుగా పరిణమించాయి. ఖనిజాన్ని బయటినుంచి ఇవ్వాలా, కణాలతోనే చేయించాలా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. ఎముక ఎలా ఏర్పడుతుందో చదవాలనుకుంటే కణాలతో చేయించాలి. ఏర్పడిన ఎముకను క్యాన్సర్ కణాలు ఎలా తినేస్తాయో చదవాలనుకుంటే ఖనిజాన్ని ముందే పెట్టినా నష్టం లేదు.

ఆర్గనాయిడ్ పెద్దదయ్యేకొద్దీ ఊపిరాడదు. రక్తనాళం లేని కణజాలంలోకి ఆక్సిజన్ దానంతటది చొరబడగల దూరం సుమారు 200 మైక్రోమీటర్లు, అంటే రెండు మూడు వెంట్రుకల మందం. ఆ లోతు దాటాక నడిమి కణాలు చనిపోవడం మొదలవుతుంది. తెల్లవారుజామున రొయ్యలు నీటి పైకి తేలుతుంటే మన రైతులు చల్లే ఆక్సిజన్ బిళ్లలు, పొడుల్లో కాల్షియం పెరాక్సైడ్ ఒకటి. కణజాల పరిశోధకులు కూడా అదే పదార్థాన్ని జెల్‌లో పొదిగి చూస్తున్నారు. నీటితో కలిసి అది ముందు హైడ్రోజన్ పెరాక్సైడ్‌నూ, దాని నుంచి ఆక్సిజన్‌నూ ఇస్తుంది. ఆ మధ్య మెట్టు కణాలకు విషం. దాన్ని విడగొట్టే కాటలేజ్ ఎంజైమ్‌ను తోడుగా పెట్టకపోతే, ఊపిరి పోయబోయి ఊపిరి తీసినట్టవుతుంది.

పెంచడంతో పాటు పరిశీలించడానికి కూడా అకర్బన పదార్థాలు పనికొస్తాయి. 2019లో హార్వర్డ్ పరిశోధకులు సాగే గుణమున్న అతి సన్నని ఎలక్ట్రోడ్ల వలను మూలకణాల పొరలో ఉంచి, ఆ పొర ముడుచుకుని గుండె ఆర్గనాయిడ్‌గా మారుతుంటే వల కూడా దానితోపాటే ముడుచుకునేలా చేసి, గుండె కణాలు కొట్టుకోవడం మొదలుపెట్టే దశను లోపలినుంచే విన్నారు. ఐరన్ ఆక్సైడ్ రేణువులు మింగిన కణాలను అయస్కాంతంతో పళ్లెం అడుగు తగలకుండా ద్రవంలో తేల్చి, ముద్దగా చేర్చే పద్ధతి కూడా ఉంది.

ఇంత చెప్పాక, తప్పుదోవ పట్టించే చోట్లను కూడా అంతే శ్రద్ధగా చెప్పాలి. హెంచ్ గాజును నేరుగా పోషక ద్రవంలో వేస్తే, తొలి గంటల్లో వెలువడే సోడియం వల్ల పీహెచ్ (ద్రవం ఎంత క్షారంగా ఉందో చెప్పే కొలత) పెరిగి కణాలు చనిపోతాయి. అప్పుడు ఆ గాజు మంచిది కాదని రాసినవారు కొలిచినది గాజును కాదు, పీహెచ్‌ను. అందుకే గాజును ముందుగా ద్రవంలో నానబెట్టి, ఆ తొలి ఉధృతి తీరాక వాడతారు. సాధారణ పోషక ద్రవంలో కాల్షియం 1.8 మిల్లీమోలార్ ఉంటుంది. దానికి ఇంకా కాల్షియం చేర్చితే, ద్రవంలోని ఫాస్ఫేట్‌తో కలిసి తెల్లని మడ్డిగా కిందకు దిగిపోతుంది. కణాలకు కాల్షియం పెంచామనుకున్న ప్రయోగంలో నిజానికి ఫాస్ఫేట్ తగ్గిపోయి ఉంటుంది. బంకమట్టి బిళ్లలు మనం ఇచ్చిన వృద్ధి కారకాలను పీల్చుకుంటాయి కాబట్టి, కణాల ప్రవర్తన మారితే అది బిళ్లల సంకేతమా, వృద్ధి కారకం అందకపోవడమా అన్నది విడిగా పరీక్షించాలి. ఖనిజం ఉన్న ఆర్గనాయిడ్ మసకబారుతుంది, కాంతి లోపలికి దూరదు. రంగు మారడాన్ని బట్టి కణాల సంఖ్య లెక్కించే పరీక్షల్లో ఆ రేణువులే కాంతిని చెదరగొట్టి అంకెలను తారుమారు చేస్తాయి. కరిగిన ద్రవం ఒక్కటే ఇచ్చిన పళ్లెం, కరగని అదే పరిమాణపు రేణువులు ఇచ్చిన పళ్లెం, ఏమీ ఇవ్వని పళ్లెం, ఈ మూడూ పక్కపక్కన లేని ప్రయోగాన్ని నేను నమ్మను.

మాట్రిజెల్‌ను ఖనిజాలు పూర్తిగా తొలగించేస్తాయని కూడా నేను అనుకోవడం లేదు. పేగు, మెదడు కణాలకు లామినిన్ వంటి ప్రోటీన్ ఆసరా కావాలి, దాన్ని ఏ రాయీ ఇవ్వలేదు. ఖనిజం బలం మరోచోట ఉంది. దాని కూర్పును శాతాల్లో రాయవచ్చు, ఏ బ్యాచ్‌కైనా అదే కూర్పు తేవచ్చు, వేడిచేసి శుద్ధి చేయవచ్చు, నెలలతరబడి నిల్వ ఉంచవచ్చు. తెలిసిన ప్రోటీన్ కొద్దిగా, తెలిసిన పాలిమర్ కొంత, తెలిసిన ఖనిజం ఇంకొంత కలిపిన నేల దగ్గరికే ఈ పరిశోధన చేరుతుందని నా అభిప్రాయం.

ఇక్కడ మన ప్రాంతపు ముడిసరుకు ప్రస్తావన రాక మానదు. ధాన్యం బరువులో అయిదో వంతు ఊక, ఊక బరువులో సుమారు అయిదో వంతు బూడిద, ఆ బూడిదలో 85 శాతానికి పైగా సిలికా. రైస్ మిల్లుల వెనక గుట్టలుగా పడి ఉండే ఆ బూడిద నుంచి జీవక్రియాశీల గాజు తయారు చేయవచ్చని ఇప్పటికే నిరూపితమైంది. తణుకు, అనపర్తి కోళ్ల ఫారాల నుంచి వచ్చే గుడ్డు పెంకుల్లో 90 శాతానికి మించి కాల్షియం కార్బొనేటే, దాని నుంచి హైడ్రాక్సీ అపటైట్ చేస్తున్నారు. తాంబూలానికి గుల్ల సున్నం కాల్చుకున్న ప్రాంతానికి ఈ రసాయనం పరాయిది కాదు. కానీ ఊక బూడిదలో పొటాషియం మొదలుకొని పొలానికీ పొలానికీ మారే లోహపు జాడలు ఉంటాయి. మాట్రిజెల్‌లో మనం తప్పుపట్టిన దోషమే, కడగని బూడిదతో వెనక గుమ్మం నుంచి తిరిగి వస్తుంది. ఆమ్లంతో కడిగి, ప్రతి బస్తాకూ లోహాల పరీక్ష చేయించి, ఆ ఫలితంతోపాటే గాజును నమోదు చేయాలి.

తర్వాతి మెట్టు, ఆ గాజు ఎంత వేగంగా కరుగుతుందో కొలవడం. ఆ కొలతకు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరుతో ఒక పద్ధతి ఉంది. 1925లో అమెరికాలో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ప్రచురించిన ఆ పద్ధతిలో, ఫాస్ఫేట్ ఉన్న ద్రవానికి ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపి, క్షయకరణి చేరిస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. సిలికాను కూడా మాలిబ్డేట్ నీలిరంగుతోనే కొలవవచ్చు. ఊక బూడిద గాజును 37 డిగ్రీల ద్రవంలో ఉంచి, గంట గంటకూ చుక్క తీసి, పీహెచ్, ఫాస్ఫేట్, సిలికా ఎలా మారుతున్నాయో వారం పాటు గీత గీయడం డెల్టాలోని ఏ డిగ్రీ కళాశాల రసాయన విభాగమైనా ఈ ఏడాదే మొదలుపెట్టగల పని. అందుకు కావలసింది ఒక ఇంక్యుబేటర్, ఒక పీహెచ్ మీటరు, రంగు చిక్కదనాన్ని కొలిచే ఒక కలరీమీటరు. ఆ గీత చేతిలో ఉంటేనే హైదరాబాద్‌లోనో మరోచోటనో ఆర్గనాయిడ్లు పెంచే ప్రయోగశాల ఆ గాజును తన కణాల దగ్గరికి రానిస్తుంది.